వాయిదా పడిన ఓటు: తీర్చవలసిన ఖజా

(2022 ఏప్రిల్ 24, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవం నాడు, ఇఫ్తార్‌కు ముందు తెనాలిలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల ముస్లిం సోదర సోదరీమణులు ఈ సమావేశంలో పాల్గొన్నారు.)



ఇఫ్తార్‌కు ఇంకా గంటకు పైగా సమయం ఉంది. ఉపవాసంతో ఉన్నవారి సహనాన్ని పరీక్షించడం మా ఉద్దేశం కాదు. అయితే ఈ ఏడాది రంజాన్‌లోనే పంచాయతీరాజ్ దినోత్సవం కూడా వచ్చింది. గ్రామ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. పురపాలక సంఘాలకు సంబంధించిన 74వ సవరణ అదే ఏడాది జూన్ 1న అమలైంది. ఉపవాసాన్నీ ఎన్నికలనూ కలిపి ఆలోచించడానికి ఇంతకంటే తగిన రోజు ఉండదని భావించి, ఉద్యోగ విరమణ తర్వాత సమాజ సేవలో కాలం గడుపుతున్న మేము కొందరం ఈ నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాం.

ముందుగా మనకందరికీ తెలిసిన ఒక ధర్మాన్ని గుర్తు చేసుకుందాం. రోగికీ, ప్రయాణంలో ఉన్నవానికీ రంజాన్ ఉపవాసం నుంచి దివ్యఖుర్ఆన్ వెసులుబాటు ఇచ్చింది. ప్రాణం మీదికి తెచ్చుకుని ఉపవాసం పాటించమని మన ధర్మం ఎక్కడా చెప్పలేదు. కాని ఆ వెసులుబాటు మాఫీ కాదు. తప్పిపోయిన ఉపవాసాలను లెక్కపెట్టుకుని తర్వాతి దినాల్లో పూర్తి చేయాలి. దానినే మనం ఖజా అంటాం. జ్వరం వచ్చిందని మూడు రోజాలు విడిచినవాడు కోలుకున్న తర్వాత ఆ మూడింటినీ మరచిపోతే, రోగం కల్పించిన మినహాయింపును అతడు దుర్వినియోగం చేసినట్లే. రోజా విడవడానికి కారణం సరైనదే కావచ్చు. అప్పు మాత్రం అతని మీద ఉండిపోతుంది.

మహమ్మారి కారణంగా వాయిదా పడిన ఎన్నికలను కూడా ఈ దృష్టితోనే చూడాలని మా మనవి. వాయిదా వేయడం తప్పు కాదు, కొన్ని వేళల అదే ధర్మం. వాయిదా వేసిన క్షణం నుంచి ఆ ఓటు తీర్చవలసిన ఖజా అవుతుంది. ఎవరు తీర్చారు, ఎంత కాలానికి తీర్చారు, ఎక్కడ ఇంకా తీరలేదు అనేదే ఈనాటి ప్రసంగ విషయం.

రెండేళ్ల కిందటి రోజులను ఒకసారి మననం చేసుకుందాం. 2020 మార్చి 7న మన రాష్ట్రంలో మండల, జిల్లా పరిషత్ ప్రాదేశిక నియోజకవర్గాల ఎన్నికలకు ప్రకటన వెలువడింది. రెండు రోజులకు పురపాలక ఎన్నికల ప్రకటన వచ్చింది. మార్చి 21న ఎంపీటీసీ, జెడ్పీటీసీ స్థానాలకు, 23న పురపాలక సంఘాలకు, 27, 29 తేదీల్లో గ్రామ పంచాయతీలకు పోలింగ్ జరగాలి. నామినేషన్లు మొదలయ్యాయి. తెనాలి వీధుల్లో, రేపల్లె బజారులో అభ్యర్థులు కరపత్రాలు పంచుతున్నారు. అంతలో మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. 12న నెల్లూరులో మన రాష్ట్రపు తొలి కేసు బయటపడింది. 15వ తేదీ ఆదివారం నాడు రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఎన్. రమేశ్ కుమార్ ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేస్తున్నట్లు ప్రకటించారు.

ఆ ప్రకటనపై ఎంతటి దుమారం రేగిందో మనం మరచిపోలేదు. తమను సంప్రదించకుండా నిర్ణయం తీసుకున్నారని ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి అదే రోజు ఆక్షేపించారు. ఎన్నికలు జరగకపోతే కేంద్రం నుంచి స్థానిక సంస్థలకు రావలసిన నిధులు రాకుండా పోతాయని ప్రభుత్వం వాదించింది. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. మార్చి 18న సుప్రీంకోర్టు వాయిదాలో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. అదే సమయంలో ఎన్నికల నియమావళి ఆంక్షలను తొలగించాలని, కొత్త తేదీలను నిర్ణయించే ముందు ప్రభుత్వాన్ని సంప్రదించాలని సూచించింది.

ఇప్పుడు తేదీలను మరొక్కసారి చూడండి. మార్చి 21న పోలింగ్. 22న దేశమంతటా జనతా కర్ఫ్యూ. 23న మళ్లీ పోలింగ్. 24 అర్ధరాత్రి నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్. వాయిదా పడకపోయి ఉంటే, ఒక రోజు పల్లె ఓటరు పోలింగ్ కేంద్రం ముందు వరుసలో నిలబడి, మరునాడు అందరూ ఇంట్లో తలుపులు వేసుకుని, ఆ మరునాడు పట్టణ ఓటరు వరుసలో నిలబడవలసి వచ్చేది. ఎన్నికల విధుల్లో పాల్గొన్న ఉద్యోగులకు ఆ రెండు రోజులు ఎలా ఉంటాయో తెలుసు. సామగ్రి తీసుకోవడానికి ముందురోజే ఒకేచోట వందలాది మంది గుమిగూడాలి, లారీల్లో, బస్సుల్లో ఇరుక్కుని ఊళ్లకు వెళ్లాలి, బడి గదుల్లో నేల మీద పడుకోవాలి, తెల్లవారి వచ్చిన ప్రతి ఓటరు వేలినీ పట్టుకుని సిరాచుక్క పెట్టాలి. 2021 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికల విధులకు వెళ్లినవారిలో పదహారు వందల మందికి పైగా ఉపాధ్యాయులు, సిబ్బంది కరోనాతో మరణించారని అక్కడి ఉపాధ్యాయ సంఘాలు చెప్పాయి. కనుక 2020 మార్చి 15 నాటి వాయిదాను మేము తప్పుపట్టడం లేదు. అది ప్రాణాలను కాపాడే నిర్ణయం.

మన చరిత్ర కూడా ఇదే చెబుతుంది. హిజ్రీ 18వ సంవత్సరంలో రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) సిరియా దిశగా ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరేసరికి, ముందున్న ప్రాంతంలో ప్లేగు ప్రబలిందన్న వార్త అందింది. ఆయన వెంటనే ఆజ్ఞ జారీ చేయలేదు. ముందు ముహాజిర్లను పిలిచి అడిగారు, తర్వాత అన్సార్లను అడిగారు. ఆ రెండు వర్గాల్లోనూ అభిప్రాయభేదం వచ్చింది. చివరకు ఖురైష్ పెద్దలను అడిగారు. వారంతా ఏకాభిప్రాయంతో వెనుదిరగమన్నారు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) ప్రశ్నిస్తే, ఒక దైవ నిర్ణయం నుంచి మరొక దైవ నిర్ణయం వైపే వెళుతున్నామని ఖలీఫా సమాధానమిచ్చారు. తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) వచ్చి, అంటువ్యాధి ఉన్న ప్రాంతానికి వెళ్లవద్దని, తామున్న చోట అది వస్తే పారిపోవద్దని దైవప్రవక్త (స) చెప్పిన మాటను వినిపించారు. ఖలీఫా దేవునికి కృతజ్ఞతలు చెప్పి వెనుదిరిగారు.

ఈ సంఘటనను మనం సాధారణంగా క్వారంటైన్‌కు ఉదాహరణగా చెప్పుకుంటాం. అందులో మరొక పాఠం కూడా ఉంది. ప్రయాణాన్ని నిలిపివేసిన పాలకుడు నిలిపే ముందు మూడుసార్లు సంప్రదించాడు. 2020లో మన రాష్ట్రంలో లోపించినది ఇదే. వాయిదా వేసినవారు ప్రభుత్వంతో ముందుగా మాట్లాడలేదు. ఆక్షేపించినవారు ఆ తర్వాత చేసిందేమిటి? ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. రమేశ్ కుమార్ పదవి పోయింది. మరునాడు మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ వి. కనగరాజ్ ఆ స్థానంలో నియమితులయ్యారు. మే 29న హైకోర్టు ఆర్డినెన్స్‌ను కొట్టివేసింది. జూన్ 10న సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇవ్వడానికి నిరాకరించింది. జులై చివరికి పాత కమిషనర్ మళ్లీ పదవిలోకి వచ్చారు. ఆరు వారాల వాయిదా ఈ విధంగా నెలలు దాటింది. రోగం ఒకవైపు, రాజ్యాంగ సంస్థల కలహం మరొకవైపు. రెండింటి నడుమ ఓటరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాడు.

ఎవరి పక్షాన న్యాయం ఉందో నిర్ణయించడానికి మనం ఇక్కడ సమావేశం కాలేదు. అది న్యాయస్థానాలు చేశాయి. మన ప్రశ్న వేరు. ఆ కాలమంతా మన వార్డు సంగతి ఏమైంది?

నిజానికి మన స్థానిక సంస్థలు మహమ్మారికి ముందే ఖాళీగా ఉన్నాయి. గ్రామ పంచాయతీల గడువు 2018 ఆగస్టులోనే తీరిపోయింది. పురపాలక మండళ్లు, మండల పరిషత్తులు, జిల్లా పరిషత్తులు 2019 జులైలో గడువు ముగించుకున్నాయి. అయిదేళ్ల గడువు తీరకముందే తదుపరి ఎన్నిక పూర్తికావాలని రాజ్యాంగంలోని 243-ఇ, 243-యు అధికరణాలు నిర్దేశిస్తున్నాయి. ఆ నియమాన్ని కరోనా రాకముందే ఉల్లంఘించారు. ఆరోగ్యవంతుడు కారణం లేకుండా విడిచిన రోజాలకు, తర్వాత జ్వరంలో విడిచిన రోజాలు తోడైనట్లయింది. అందువల్ల ఆలస్యం మొత్తాన్నీ మహమ్మారి ఖాతాలో వేయడం సత్యం కాదు.

ప్రత్యేకాధికారుల పాలన అంటే ఏమిటో మాకు లోపలి నుంచి తెలుసు. దస్త్రాలతో జీవితం గడిపినవాళ్లం. ఆ అధికారులను నిందించడం అన్యాయం. తమ అసలు ఉద్యోగానికి తోడు ఒక ఊరి పాలన, దానికి తోడు కరోనా విధులు మీద పడితే ఏ మనిషి అయినా ఎంత చేయగలడు? 2020 వానాకాలంలో ఈ మూడు పట్టణాల్లో ఒకదానిలో ఖబరస్తాన్‌కు వెళ్లే దారి పక్క కాలువ పూడిపోయి దారి మీదికి నీరు వచ్చింది. అప్పుడు మరణాలు ఎక్కువ. జనాజాను భుజాన మోస్తూ మోకాలి లోతు నీటిలో నడిచాం. అర్జీ పెట్టాం. నెల తర్వాత వెళితే అర్జీ కనిపించలేదన్నారు. రెండోది పెట్టాం. పై అధికారి సంతకానికి వెళ్లిందన్నారు. మూడో అర్జీ పెట్టే నాటికి వానలే వెలిశాయి. అక్కడి గుమాస్తా అబద్ధం చెప్పలేదు, అధికారికి మన మీద ద్వేషమూ లేదు. ఆ కాగితం ఎక్కడుందని ప్రతి ఉదయం వెళ్లి అడిగే మనిషి లేడు, అంతే. కౌన్సిలర్ అనేవాడు ముందుగా అలా అడిగే మనిషి. అడగకపోతే మళ్లీ ఓటు రాదన్న భయం ఉన్న మనిషి. భయపడే ఆ మనిషి లేని ఊరిలో మంచి అధికారి ఉన్నా దస్త్రం కదలదు.

అదే సంవత్సరం మనకు మరొక గాయం కూడా తగిలింది. మార్చి 15న ఎన్నికలు వాయిదా పడిన నాడు రోగానికి మతం లేదు. రెండు వారాలు దాటగానే, ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్ వార్తలు వచ్చాక, రోగానికి మతం అంటగట్టారు. తబ్లీగీ జమాఅత్ యాత్రకు వెళ్లివచ్చిన పెద్దమనిషిని నేరస్థుడిలా చూశారు. బండి మీద కూరగాయలు, పళ్లు అమ్ముకునే మనవాళ్లను వీధుల్లోకి రావద్దన్నారు. ఆ ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం జమాఅత్ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. తీర్పు వచ్చేనాటికి మన బండ్లవాళ్లు ఆ వేసవి బేరం పోగొట్టుకున్నారు. ఆ ఏప్రిల్‌లో పరీక్షల కోసం ఆరోగ్య సిబ్బంది వీధిలోకి వచ్చినప్పుడు వారికీ మన ఇళ్లకూ నడుమ నిలిచి, ఇరువైపులా నమ్మకం కలిగించే ఎన్నికైన మనిషి ఏ వార్డులోనూ లేడు. మసీదు కమిటీ పెద్దలు, ఆశా కార్యకర్తలు, గ్రామ, వార్డు వాలంటీర్లు తమకు చేతనైనంత చేశారు. వారికి దేవుడు ప్రతిఫలం ప్రసాదించుగాక. కాని అధికారుల ముందు ఒక వీధి మొత్తం తరఫున మాట్లాడే హక్కు ఓటు వల్లనే వస్తుంది.

ఇతర చోట్ల ఈ ఖజాను ఎలా తీర్చారో కూడా చూద్దాం. మనకు రెండు రోజుల తర్వాత, మార్చి 17న, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో అధ్యక్ష పదవి అభ్యర్థులను ఎంచుకునే ప్రాథమిక ఎన్నిక జరగాలి. ముందురోజు సాయంత్రం న్యాయమూర్తి వాయిదాకు ఒప్పుకోలేదు. అయినా ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖాధిపతి ఆరోగ్య అత్యవసర పరిస్థితి కింద పోలింగ్ కేంద్రాలను మూయించారు. అక్కడా విమర్శలు వచ్చాయి. కాని శాసనసభ కూర్చుని ఏప్రిల్ 28ని గడువుగా నిర్ణయించింది, ప్రధానంగా తపాలా ద్వారా ఓటు తీసుకుంది. అంటే ఆరు వారాల్లో అప్పు తీరింది. న్యూయార్క్‌లో ఎన్నికల మండలి డెమోక్రాట్ల ప్రాథమిక ఎన్నికను వాయిదాతో ఆగక ఏకంగా రద్దు చేసింది. ఒక అభ్యర్థి న్యాయస్థానానికి వెళ్లగా, రద్దు చెల్లదని తీర్పు వచ్చి జూన్ 23న ఎన్నిక జరిగింది. దక్షిణ కొరియా అసలు వాయిదాయే వేయలేదు. ఏప్రిల్ 15న ఓటర్లకు చేతితొడుగులు ఇచ్చి, జ్వరం చూసి, దూరం పాటింపజేసి పార్లమెంటు ఎన్నిక జరిపింది. మన దేశంలోనే బీహార్‌లో అక్టోబర్, నవంబర్ నెలల్లో, ఒక్కో పోలింగ్ కేంద్రానికి వెయ్యిమందికి మించకుండా ఓటర్లను పరిమితం చేసి, క్వారంటైన్‌లో ఉన్నవారికి చివరి గంట కేటాయించి, శాసనసభ ఎన్నికలు నిర్వహించారు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ హాంకాంగ్. అక్కడ 2020 సెప్టెంబర్ 6న జరగవలసిన శాసనమండలి ఎన్నికను కరోనా పేరిట ఏడాది వాయిదా వేశారు. చివరికి 2021 డిసెంబర్ 19న జరిపారు. అయితే ఆలోగా నియమాలే మారిపోయాయి. ప్రజలు నేరుగా ఎన్నుకునే స్థానాలు 35 నుంచి 20కి తగ్గాయి. ఎప్పుడు తీరుస్తారో చెప్పని వాయిదాలో ఉన్న ప్రమాదం ఇదే. ఓటరు తిరిగి వచ్చేసరికి అతని స్థానమే కుంచించుకుపోయి ఉండవచ్చు.

మన రాష్ట్రంలో ఖజా తీరిన తీరు ఇది. 2021 జనవరి 8న కమిషన్ పంచాయతీ ఎన్నికల తేదీలు ప్రకటిస్తే, టీకాల కార్యక్రమం ఉందని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. జనవరి 11న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం నిలిపివేసింది, 21న ద్విసభ్య ధర్మాసనం అనుమతించింది, 25న సుప్రీంకోర్టు ఎన్నికలు జరపవలసిందేనని తేల్చింది. ఫిబ్రవరి 9 నుంచి 21 వరకు నాలుగు విడతల్లో పంచాయతీలకు పోలింగ్ జరిగింది. 2019 నాటి ఓటర్ల జాబితాతోనే జరపడం వల్ల కొత్తగా పద్దెనిమిదేళ్లు నిండిన 3.6 లక్షల మంది యువతకు ఓటు దక్కదని వ్యాజ్యం పడినా ఎన్నికలు ఆగలేదు. మార్చి 10న పురపాలక ఎన్నికలు జరిగాయి. ఇవి 2020 మార్చిలో ఆగిన దశ నుంచే మళ్లీ మొదలయ్యాయి. నామినేషన్ల నాడు మాచర్ల వంటి చోట్ల జరిగిన దాడుల నీడ కూడా వాటితోపాటే కొనసాగింది. మాచర్ల, పిడుగురాళ్ల, పులివెందుల, పుంగనూరు పురపాలక సంఘాల్లో అన్ని వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. రాష్ట్రమంతటా 2,371 ఎంపీటీసీ, 126 జెడ్పీటీసీ స్థానాలు కూడా 2020లోనే పోటీ లేకుండా ముగిశాయి. ఆ స్థానాల్లోని ఓటరుకు వాయిదాకు ముందూ తర్వాతా కూడా వేలికి సిరా అంటలేదు.

పరిషత్ ఎన్నికల కథ ఇంకా విచిత్రమైనది. కొత్త కమిషనర్ నీలం సాహ్ని పదవి చేపట్టిన 2021 ఏప్రిల్ 1ననే ప్రకటన ఇచ్చారు. ఏప్రిల్ 6న స్టే, 7న అనుమతి, 8న పోలింగ్. నియమావళికి ముందుగా నాలుగు వారాలు ఇవ్వలేదన్న కారణంతో మే 21న ఆ ఎన్నికలను రద్దు చేశారు. సెప్టెంబర్ 16న ద్విసభ్య ధర్మాసనం ఆ రద్దును తోసిపుచ్చింది. 19న లెక్కింపు జరిగింది. రెండో దశ కరోనా వచ్చి వెళ్లినంత కాలమూ ఓట్లు పెట్టెల్లోనే ఉన్నాయి. ఏప్రిల్‌లో ఓటు వేసి, మే నెలలో ప్రాణం విడిచినవారు మన చుట్టుపక్కల పల్లెల్లోనే ఉన్నారు. తమ ఓటు ఎవరిని గెలిపించిందో తెలియకుండానే వెళ్లిపోయారు. వారికి దేవుడు స్వర్గ ప్రవేశం అనుగ్రహించుగాక.

ఇక మన మూడు పట్టణాల మాట. తెనాలి 40 వార్డులకు, రేపల్లె 28 వార్డులకు 2021 మార్చి 10న ఓటు వేసి 14న ఫలితాలు చూశాయి. బాపట్ల ఆ జాబితాలో లేదు. మహమ్మారితో సంబంధం లేని వేరే కారణాలతో అక్కడ ఎన్నిక ఆగింది, నేటికీ జరగలేదు. ఈ నెల 4న బాపట్ల జిల్లా కేంద్రం అయింది, రేపల్లె ఆ జిల్లాలో చేరింది. 1913లో తొలి ఆంధ్ర మహాసభకు వేదికైన ఊరు, నేడు ఒక జిల్లాకు కేంద్రమైన ఊరు, తనకంటూ ఎన్నికైన పురపాలక మండలి లేకుండా ఉంది. ఆ జిల్లాలోనే ఉన్న చీరాల ప్రజలు నూరేళ్ల కిందట దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో, తమ మీద రుద్దిన పురపాలక సంఘాన్ని నిరసిస్తూ ఇళ్లు వదిలి రామనగరంలో నెలల తరబడి పాకల్లో బతికారు. తమ ఊరిని ఎలా పాలించాలో తాము చెప్పాలన్నదే వారి పట్టుదల. ఆ పట్టుదల ఇప్పుడు మనకు కావాలి.

ఇందులో మన సమాజానికి ప్రత్యేకంగా జరిగిన నష్టాన్ని మనలో చాలామంది గమనించలేదు. శాసనసభలో, పార్లమెంటులో ముస్లింలకు కేటాయించిన స్థానాలు లేవు. స్థానిక సంస్థల్లో మాత్రం చట్టం చిన్న తలుపు తెరిచి ఉంచింది. ప్రతి మండల పరిషత్తులో మైనారిటీల నుంచి ఒక కో-ఆప్షన్ సభ్యుడు, జిల్లా పరిషత్తులో ఇద్దరు ఉండాలి. పురపాలక మండళ్లలోనూ మైనారిటీలకు కో-ఆప్షన్ స్థానాలు ఉన్నాయి. పరిషత్తుల్లో వీరికి తీర్మానాల మీద ఓటు ఉండదు, సభలో కూర్చుని మాట్లాడే హక్కు ఉంటుంది. అయితే ఈ సభ్యులను ఎన్నుకునేది ఎన్నికైన సభ్యులే. ఎన్నిక లేకపోతే సభ లేదు. సభ లేకపోతే కో-ఆప్షన్ లేదు. 2019 జులై నుంచి 2021 సెప్టెంబర్ 24న మండలాధ్యక్షుల ఎన్నిక జరిగే వరకు, రెండేళ్లకు పైగా, రాష్ట్రంలోని ఏ మండల పరిషత్తులోనూ మైనారిటీ కో-ఆప్షన్ సభ్యుడు లేడు. బాపట్ల పురపాలక సంఘంలో ఆ కుర్చీలు నేటికీ ఖాళీ. ఖబరస్తాన్ ప్రహరీ గోడ, ఉర్దూ పాఠశాలకు నీటి కొళాయి, షాదీఖానా మరమ్మతు, బక్రీద్ నాటి పారిశుద్ధ్యం వంటి చిన్న చిన్న విషయాలను ప్రస్తావించవలసిన చోటు అదే.

అన్యాయం ఎంత ఉన్నదో చెప్పాం, మన లోపాన్ని కూడా చెప్పకపోతే అది న్యాయం కాదు. ఆ రెండేళ్లలో కో-ఆప్షన్ స్థానాలు ఖాళీగా ఉన్నాయని మనలో ఎందరు అర్జీ పెట్టారు? స్థానాలు భర్తీ అయినప్పుడు కూడా ఎవరిని పంపాలో మనం కూర్చుని ఆలోచించామా? నాయకుడి వెంట తిరిగినవాడికి ఇచ్చే తాయిలంగా ఆ పదవిని వదిలేశాం. మన స్త్రీలను అడగలేదు. దూదేకుల సోదరులను మనవాళ్లుగా లెక్కించడానికి కూడా కొన్నిచోట్ల సంకోచించాం. సంప్రదింపులు చేయలేదని ప్రభుత్వాన్నీ కమిషన్‌నూ విమర్శించే మనం, మన మసీదు గుమ్మం లోపల సంప్రదింపులు మరచిపోతే ఆ విమర్శకు బలం ఉండదు.

కనుక ఈ రంజాన్‌లో మనం కొన్ని పనులు సంకల్పించుకుందామని మనవి. ఖజా రోజాలను తల్లులు గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నట్లే, మన ఊరి పాలకవర్గాల గడువు తేదీలను ప్రతి మసీదు కమిటీ రాసి పెట్టుకోవాలి. తెనాలి, రేపల్లె మండళ్ల గడువు 2026 మార్చికి ముగుస్తుంది. ఆ తేదీకి ఆరు నెలల ముందే, తదుపరి ఎన్నిక ఎప్పుడని లిఖితపూర్వకంగా అడగాలి. బాపట్ల సోదరులు ఒంటరిగా కాదు, ఊరిలోని అన్ని వర్గాలనూ కలుపుకుని రాష్ట్ర ఎన్నికల కమిషన్‌కు, పురపాలక శాఖకు వినతిపత్రం ఇవ్వాలి. అది ముస్లింల సమస్య మాత్రమే కాదు. మాల, మాదిగ వాడలకూ, మత్స్యకారుల పేటలకూ, చేనేత కుటుంబాలకూ అంతే నష్టం ఉంది. వారితో కలిసి వెళితేనే మన మాటకు విలువ.

ఓటర్ల జాబితా పని ఎన్నిక ముందురోజు చేసేది కాదు. పెళ్లయి వచ్చిన కోడళ్ల పేర్లు, కొత్తగా పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లల పేర్లు, ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు మరొకచోట పడిన తప్పులు, వీటిని ఏటా సరిచూసుకోవాలి. దరఖాస్తు నింపడంలో సహాయం కావాలంటే మేమున్నాం. జీవితమంతా దరఖాస్తులు చూసిన కళ్లు ఇవి. కో-ఆప్షన్ స్థానానికి మన పట్టణంలో ఎవరు యోగ్యులో, స్త్రీపురుషులందరినీ అడిగి ముందే నిర్ణయించుకోవాలి.

చివరిగా ఒక మాట. మళ్లీ ఏదైనా విపత్తు వస్తే మళ్లీ వాయిదా అవసరం కావచ్చు. అప్పుడు మనం వాయిదాను వ్యతిరేకించవద్దు. ప్రాణం ముందు. కాని అదే రోజు మూడు ప్రశ్నలు అడుగుదాం: ఎవరిని సంప్రదించి వాయిదా వేశారు? ఏ తేదీకి వేశారు? ఆ తేదీ వరకు మా వీధి గురించి అడిగే మనిషి ఎవరు? ఈ మూడింటికీ జవాబు ఉంటే అది ధర్మబద్ధమైన వెసులుబాటు. జవాబు లేకపోతే అది తీర్చే ఉద్దేశం లేని అప్పు.

అజాన్ వేళ దగ్గరపడింది. అందరి చేతుల్లోనూ ఖర్జూరాలు కనిపిస్తున్నాయి. ఈ రోజు రోజా పూర్తి కాబోతున్నది. తప్పిన రోజాలు ఉన్నవారికి వాటిని తీర్చుకునే శక్తిని, తప్పిన ఓటు ఉన్న ఊరికి దానిని తిరిగి పొందే ఓపికను, ఐక్యతను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.

అస్సలాము అలైకుమ్.